కోటు ఇచ్చినవాడి చలి సంగతేమిటి?

కథలో ఎవరైనా తన కోటు విప్పి, చలికి వణుకుతున్న ఇంకో మనిషి భుజాల మీద కప్పితే చాలు, ఆ మనిషి మంచితనానికి మనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. రచయితకు అది రెండు వాక్యాల పని. సినిమాలో అయితే మాటలు కూడా అవసరం లేదు. జాకెట్ విప్పుతాడు, కప్పుతాడు, ఆమె దాన్ని దగ్గరకు లాక్కుంటుంది, వెనక సంగీతం వస్తుంది. నాకు ఈ సన్నివేశమంటే చాలా ఇష్టం. ఎక్కడ కనిపించినా ఆగి రెండోసారి చదువుతాను. అంత ఇష్టం కాబట్టే దాన్ని చవగ్గా వాడేస్తే ఊరుకోలేకపోతున్నాను. నా ఫిర్యాదు ఒక్కటే. కోటు ఇచ్చినవాడికి ఆ తర్వాత చలి వేయదు. మంచు కురుస్తున్న రాత్రి పలుచని చొక్కాతో నిలబడి బోలెడంత సేపు మాట్లాడతాడు. పళ్లు కొట్టుకోవు, చేతులు చంకల్లో దాచుకోడు, ముక్కు కారదు. తర్వాతి అధ్యాయంలో ఆ కోటు మళ్లీ అతని ఒంటి మీదే ఉంటుంది, ఎప్పుడు తిరిగొచ్చిందో ఎవరూ చెప్పరు. ఒకరు వదిలించుకున్న చలి ఇంకొకరికి రావాలి. మధ్యలో ఎక్కడో మాయమైపోయిందంటే, ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వనట్టే లెక్క.

కోటు తనంతట తాను వేడి పుట్టించదు. దాని పొరల్లో చిక్కుకున్న గాలి మన ఒంటి వేడిని బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. అందుకే అప్పుడే విప్పిన కోటుకు ఇంకే కానుకకూ లేని గుణం ఒకటుంది. ఇచ్చినవాడి ఒంటి వేడి అందులో ఇంకా మిగిలి ఉంటుంది. డబ్బు చేతులు మారితే ఇచ్చినవాడి గుర్తేమీ ఉండదు. కోటుకు వాసన ఉంటుంది, మోచేతుల దగ్గర మడత ఉంటుంది, చేతులు మరీ పొడవుగానో పొట్టిగానో ఉంటాయి, జేబులో ఏదో మరిచిపోయిన కాగితం ఉంటుంది. రచయితలు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు, బాగా వాడుకున్నారు. వాళ్లు ఎక్కువగా వదిలేసింది చలి సంగతి. నీళ్లలోంచి బయటికి తీసిన మనిషికి తడిబట్టల మీదే కోటు కప్పేస్తారు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ముందు తడిబట్టలు తీయించాలి, ఒళ్లు తుడవాలి, నేల చలి ఎక్కకుండా కింద ఏదైనా పరవాలి, తల కప్పాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోతే ప్రమాదం మొదలైనట్టే, మరీ పడిపోతే వణుకు కూడా ఆగిపోతుంది. కథల్లో వణుకు ఆగిందంటే హమ్మయ్య అనుకుంటాం. నిజంగా ఆ స్థితిలో ఉన్న మనిషి దగ్గర అయితే మనకు టెన్షన్ పెరగాలి. కథల్లో వైద్యం చెప్పమని నేను అడగడం లేదు. చలి ఎలా పనిచేస్తుందో తెలిసిన రచయిత బొత్తాలు పెట్టుకోలేని వేళ్లను రాస్తాడు, ఆ బొత్తాలు ఇంకొకరు పెట్టాల్సి రావడాన్ని రాస్తాడు. అక్కడే సన్నివేశానికి ప్రాణం వస్తుంది.

ఈ పని అందరికంటే బాగా చేసినవాళ్లలో నేను ముందు చెప్పే పేరు ప్రాచీన గ్రీకు కవి హోమర్. ఆయన కావ్యం ఒడిస్సీ 14వ భాగంలో, ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు ఒడిస్సియస్ ముసలి బిచ్చగాడి వేషంలో తన పందుల కాపరి యుమేయస్ గుడిసెకు వస్తాడు. చంద్రుడు లేని రాత్రి, తెల్లవార్లూ వాన, పడమటి గాలి. ఈ మనిషి తన పైబట్ట విప్పి ఇస్తాడా లేదా అని పరీక్షించాలనిపిస్తుంది. నేరుగా అడగకుండా ఒక కథ కల్పించి చెబుతాడు. ట్రాయ్ గోడల కింద మాటు వేసి పడుకున్న రాత్రి, డాళ్ల మీద మంచు గడ్డకడుతోంది, నేను పైబట్ట తెచ్చుకోలేదు, పక్కనున్న ఒడిస్సియస్‌తో మొర పెట్టుకున్నాను, అతను ఒక ఉపాయం పన్ని థోవాస్ అనే కుర్రాణ్ణి కబురు చెప్పి రమ్మని పరుగెత్తించాడు, వాడు వదిలి వెళ్లిన ఊదారంగు కంబళి కప్పుకుని నేను హాయిగా పడుకున్నాను. ఇదీ కథ. యుమేయస్‌కు విషయం అర్థమవుతుంది. ఈ రాత్రికి నీకు బట్టకు లోటుండదు, కానీ తెల్లారితే నీ పాత గుడ్డలే మళ్లీ కట్టుకోవాలి, ఇక్కడ మా దగ్గర మార్చుకునే బట్టలు ఎక్కువ లేవు, మనిషికి ఒక్కటే అంటాడు.

నాకు హోమర్‌లో అన్నిటికంటే నచ్చిన మాటల్లో ఇదొకటి. కోటు ఇస్తూ, పొద్దున్నే తిరిగి ఇచ్చేయమని చెప్పే దాత! మొదటిసారి చదివితే పిసినారి మాటలా వినిపిస్తుంది. కానీ ఆ ఒక్క మాటతో గుడిసె పేదరికమంతా మన ముందుకు వస్తుంది. అతను ఇచ్చింది భయంకరమైన తుఫాను వస్తే కప్పుకుందామని దాచుకున్న దళసరి కంబళి. నిప్పు పక్కన గొర్రెతోళ్లు, మేకతోళ్లు పరిచి, బిచ్చగాడికి దాన్ని కప్పి, తను లోపల పడుకోడు. ఇంకో మందపాటి బట్ట చుట్టుకుని, మేకతోలు, కత్తి, ఈటె తీసుకుని, పందులకు కాపలాగా బయట రాతి కింద పడుకోవడానికి ఆ వానలోకి వెళ్లిపోతాడు. ఇచ్చినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో, ఏం కప్పుకున్నాడో హోమర్ చెబుతాడు. నేను అడుగుతున్నది ఇదే. బిచ్చగాడు చెప్పిన కథలోని థోవాస్ గురించి మాత్రం ఎవరికీ పట్టదు. వాడి కంబళి మోసంతో తీసుకున్నది, వాడి చలి కథలోకే రాదు. రెండు రకాల కంబళి కథల్నీ హోమర్ ఒకే రాత్రిలో పక్కపక్కన పెట్టాడు.

సగం ఇవ్వడం గురించి కూడా మాట్లాడాలి. 4వ శతాబ్దపు సైనికుడు మార్టిన్ కథ యూరప్ అంతటా తెలిసినదే. అమియెన్స్ నగర ద్వారం దగ్గర ఒంటి మీద బట్ట లేని బిచ్చగాణ్ణి చూసి, కత్తితో తన పైబట్టను రెండుగా కోసి సగం ఇచ్చాడు. చిత్రకారులకు ఆ కోసే క్షణం ఇష్టం. ఎల్ గ్రెకో 1597–99 మధ్య వేసిన చిత్రంలో తెల్లగుర్రం, మెరిసే కవచం, ఆకుపచ్చ వస్త్రం, పక్కన సన్నగా పొడుగ్గా నిలబడిన బిచ్చగాడు. అందమైన చిత్రమే. కానీ మార్టిన్ జీవితం రాసిన సల్పీసియస్ సెవెరస్ ఆ తర్వాత చెప్పిన సంగతి నాకు ఇంకా ముఖ్యం. మిగిలిన సగం గుడ్డ చుట్టుకున్న మార్టిన్ వికారంగా కనిపించాడు, చుట్టూ ఉన్న కొందరు నవ్వారు. ఇంకొందరు సిగ్గుపడ్డారు, ఎందుకంటే వాళ్ల దగ్గర అతనికంటే ఎక్కువ బట్టలున్నాయి, తమ ఒంటి మీద బట్ట ఉండగానే బిచ్చగాడికి కప్పగలిగినవాళ్లు. మంచిపని చేశాక చూడటానికి వికారంగా మిగలడం! మన హీరోలు కోటు ఇచ్చాక ఇంకా అందంగా కనిపిస్తారు, చొక్కా భుజాలకు అతుక్కుని మరీ. నవ్వులపాలయ్యే దాతను రాయడానికి ధైర్యం కావాలి.

రష్యన్ రచయిత పుష్కిన్ 1836లో ప్రచురించిన 'కెప్టెన్ కూతురు' నవలలో కోటు ఇచ్చే పద్ధతి దీనికి పూర్తిగా వేరు. మంచు తుఫానులో దారి తప్పిన కుర్ర అధికారి గ్రిన్యోవ్‌ను ఒక అపరిచితుడు సత్రానికి చేరుస్తాడు. పొద్దున్నే గ్రిన్యోవ్ అతనికి కొంచెం డబ్బు ఇద్దామంటే ముసలి సేవకుడు సవేలిచ్ ఒప్పుకోడు. అయితే నా కుందేలు తోలు కోటు ఇచ్చేయ్ అంటాడు కుర్రాడు. సవేలిచ్ గుండె ఆగినంత పని అవుతుంది. వీడు దాన్ని మొదటి కల్లుదుకాణంలో తాగేస్తాడు, పైగా వీడి భుజాలకు అది పట్టనైనా పట్టదు అని మొత్తుకుంటాడు. నిజమే, పట్టదు. ఆ మనిషి తొడుక్కుంటుంటే కుట్లు పటపటా తెగిపోతాయి. తర్వాత తెలుస్తుంది, అతను తిరుగుబాటు నాయకుడు పుగచోవ్ అని. గ్రిన్యోవ్ మెడకు ఉరి బిగిసే వేళ ప్రాణాలు దక్కడం వెనక ఉన్నది ఆ కుట్లు తెగిన కోటే.

ఇలా చెబితే దానం చేస్తే ఫలితం దక్కుతుందనే నీతికథలా ఉంటుంది. అలాంటి కథలంటే నాకు భయం, ఎందుకంటే వాటిలో కోటు పెట్టుబడి అయిపోతుంది. పుష్కిన్ ఆ గోతిలో పడకపోవడానికి కారణం సవేలిచ్. ప్రయాణం మొదట్లోనే పుష్కిన్ చెప్పాడు, గ్రిన్యోవ్ ఒంటి మీద కుందేలు కోటు, దాని పైన నక్కతోలు కోటు. అంటే ఇచ్చేసినా అతనికి చలి వేయదు. ఉన్నవాడి ఉదారత అది, ఖర్చు ఎంతో తెలియని వయసు ఉదారత. ఖర్చు తెలిసినవాడు ముసలాయన ఒక్కడే. అందుకే పుగచోవ్ గ్రిన్యోవ్ పనిచేస్తున్న కోటను గెలిచి, ఉరికొయ్యలు నిలబెట్టి, అందరూ గజగజలాడుతున్న చోట ఆయన పోయిన సామాన్ల జాబితా పట్టుకుని ముందుకు వస్తాడు. అందులో సత్రంలో తమరికి ఇప్పించిన కుందేలు తోలు కోటు, 15 రూబుళ్లు అని కూడా ఉంటుంది. పుగచోవ్ మండిపడతాడు, నీ చర్మం ఒలిపించి కోట్లు కుట్టిస్తానంటాడు. తర్వాత గ్రిన్యోవ్‌కు గుర్రాన్నీ తన ఒంటి మీది గొర్రెతోలు కోటునూ పంపిస్తాడు. ఎవరో ఒకరు లెక్క రాసుకున్నారు కాబట్టే ఆ దానం మీద నమ్మకం కలుగుతుంది. లెక్క రాసినవాడు దుర్మార్గుడు కాడు. ఆ కుర్రాణ్ణి ప్రాణంగా చూసుకునే మనిషి.

ఇక పుచ్చుకునేవాళ్ల సంగతి. ఈ సన్నివేశాలు తొంభై పాళ్లు ఇచ్చేవాడి వైపు నుంచే రాస్తారని నాకనిపిస్తుంది. ఒకసారి రాత్రి ప్రయాణంలో నేను ముడుచుకుని నిద్రపోతుంటే ఎదుటి సీట్లో పెద్దావిడ తన శాలువా నాకు కప్పింది. మెలకువ వచ్చేసరికి ఆవిడ చీర కొంగు చెవుల చుట్టూ బిగించి, చేతులు కట్టుకుని, కళ్లు తెరిచే కూర్చుని ఉంది. నాకు మొదట కలిగింది కృతజ్ఞత కాదు, సిగ్గు. ఆవిడ పడ్డ చలి నా వల్లే కదా అనిపించింది. "కప్పుకో అమ్మా, నాకు ఎలాగూ నిద్ర పట్టదు" అంది ఆవిడ. అది నిజమో, నా మొహమాటం పోగొట్టడానికి అన్నదో ఇప్పటికీ చెప్పలేను. కథల్లో కోటు అందుకున్న అమ్మాయి సిగ్గుపడితే ప్రేమలో పడటానికి సూచనగానే రాస్తారు. అడగకుండా వచ్చి మీద పడిన సాయం వల్ల కలిగే ఈ ఇబ్బంది, వద్దనలేని స్థితి, రుణపడిపోయానన్న భారం వాటిలో కనిపించవు. హోమర్ బిచ్చగాడు అడగలేక కథ కట్టి చెప్పాల్సి వచ్చింది అందుకే కదా. అడగడం ఎంత కష్టమో అతనికి తెలుసు.

ప్రేమకథల్లో ఇంకో చిక్కు ఉంది. హీరో జాకెట్ హీరోయిన్ భుజాల మీదకు చేరిందంటే, ఆమె ఇక అతని మనిషి అని పదిమందికీ చెప్పినట్టే. ఆదరణకూ హక్కుకూ మధ్య గీత ఎక్కడుందో ఆ జాకెట్ చెప్పదు. ఈ విషయంలో 1997 నాటి 'టైటానిక్' సినిమాను మెచ్చుకోవాలి. ఓడ మునుగుతున్న రాత్రి రోజ్ ఒంటి మీద ఉన్న కోటు ఆమె ప్రేమించిన జాక్‌ది కాదు. ఆమెను సొత్తులా చూసే కాల్ తనది విప్పి తొడిగాడు. సైగ అచ్చంగా అదే, భుజాల మీద కప్పడం, దగ్గరకు సర్దడం. అయినా ఆ మనిషి గురించి మన అభిప్రాయం ఇసుమంతైనా మారదు. పైగా జేబులో వజ్రం ఉందని అతనికి తర్వాత గుర్తొస్తుంది. కోటు కప్పడం అనే పని ఒక్కటే మనిషి మంచితనాన్ని రుజువు చేయదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. అదే రాత్రి జాక్ ఇచ్చింది నీళ్ల మీద తేలే చెక్కపై చోటు, దాని ఖరీదు మన కళ్ల ముందే చెల్లించాడు.

నా వాదనకు ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ప్రతి కోటు సన్నివేశంలోనూ ఇలా లెక్కలు అడిగితే కథల్లో సున్నితత్వం ఏం మిగులుతుంది, పాఠకుడికి ఒక్క వెచ్చని క్షణం చాలదా అని. చాలదని నా నమ్మకం. ఇచ్చినవాడు పోగొట్టుకున్నది కనబడినప్పుడే ఆ వెచ్చదనం మనదాకా వస్తుంది. ఇవ్వని కోట్లను చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. గొగోల్ 1842లో అచ్చేసిన 'ఓవర్‌కోటు' కథలో అకాకి అకాకియెవిచ్ కడుపు మాడ్చుకుని కుట్టించుకున్న కోటును దొంగలు లాక్కున్నాక, పీటర్స్‌బర్గ్ నగరం మొత్తంలో అతని భుజాల మీద ఒక గుడ్డ వేసిన మనిషి లేడు. ఒక పెద్దమనిషి కసిరి పంపేస్తాడు. జ్వరంతో పోతాడు. కోటు ఇవ్వడం అంత సులువైన పని అయితే గొగోల్‌కు ఆ కథ రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మన భారతంలో సభాపర్వం చదివినప్పుడల్లా నా చూపు ఒకే చోట ఆగుతుంది. ద్రౌపదిని ఏకవస్త్రగా సభకు ఈడ్చుకొచ్చారు. వికర్ణుడు న్యాయం మాట్లాడతాడు, కర్ణుడు అతన్ని అడ్డుకుని పాండవుల బట్టలు, ద్రౌపది బట్టలు లాగేయమంటాడు. ఆ మాట వినగానే పాండవులు తమ ఉత్తరీయాలు తీసి కిందపడేసి కూర్చున్నారని వ్యాసుడు చెబుతాడు. ఐదు ఉత్తరీయాలు నేల మీద ఉన్నాయి. సభ నిండా పెద్దలున్నారు, వాళ్ల భుజాల మీదా ఉత్తరీయాలున్నాయి. ఒక్కటి కూడా ఆమె మీదకు రాలేదు. దాసులైనవాళ్ల బట్టలు వాళ్లవి కావు కదా అని పాండవుల తరఫున ఎవరైనా అనొచ్చు, భీష్మ ద్రోణులకు ఆ సాకు కూడా లేదు. ఆమెను కాపాడిన అంతులేని వస్త్రం గురించి మనం తరతరాలుగా పాడుకుంటున్నాం, పాడుకోవాల్సిందే. ఆ అద్భుతం అవసరం ఎందుకు పడిందో మాత్రం నేల మీద పడి ఉన్న ఆ బట్టలే చెబుతాయి.

అరణ్యపర్వంలో నలుడు చేసింది మార్టిన్ పనికి సరిగ్గా ఎదురు. పక్షుల్ని పట్టబోయి తన బట్ట పోగొట్టుకున్నాక, భార్యాభర్తలిద్దరూ దమయంతి చీరనే చుట్టుకుని తిరుగుతారు. ఆమె నిద్రపోతుంటే నలుడు కత్తితో ఆ చీరను సగానికి కోసి, తన సగం కట్టుకుని వెళ్లిపోతాడు. మనసు ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతూ, వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్తాడు. కత్తి, గుడ్డ, సగం అన్నీ అవే. మార్టిన్ చేతిలో అవి ఆదరణ అయ్యాయి, నలుడి చేతిలో విడిచిపెట్టడం అయ్యాయి.

తమిళ సంగ సాహిత్యంలో పేగన్ అనే నాయకుడు చలికి వణుకుతోందనుకుని నెమలికి తన శాలువా కప్పాడు. ఏడుగురు గొప్ప దాతల్లో ఒకడిగా అతని పేరు నిలిచిపోయింది. నెమలి శాలువా కప్పుకోదు, అయినా ఇచ్చాడు, అందుకే అంత కీర్తి. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు చాలామంది. అదే పేగన్ భార్యను వదిలేసి ఉంటున్నాడని పురనానూరు అనే సంగ సంకలనంలోని పద్యాలే చెబుతున్నాయి. పరణర్ అనే కవి అతని దగ్గరకు వెళ్లి, నెమలి వణుకుతోందని శాలువా ఇచ్చినవాడా, మేం ఆకలితో కానుకల కోసం రాలేదు, ఈ రాత్రే రథమెక్కి ఆమె దుఃఖం తీర్చు, మేం అడిగేది అదే అంటాడు. దాత ముందు నిలబడి ఆ మాట అనగలిగిన కవికి నేను దండం పెడతాను. కంటికి ఇంపైన నెమలికి కప్పడం, ఇంట్లో ఏడుస్తున్న మనిషిని చూడకపోవడం, రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఆయన దాచలేదు.

టాల్‌స్టాయ్ 1895లో ప్రచురించిన 'యజమాని–సేవకుడు' కథలో వర్తకుడు వసీలీ, సేవకుడు నికీతా మంచు తుఫానులో దారి తప్పుతారు. వసీలీ ఒంటి మీద రెండు దళసరి కోట్లు, నికీతాకు చిరుగుల బట్టలు. వసీలీ మొదట ఒక్కడే గుర్రమెక్కి పారిపోతాడు, నికీతాను చావుకు వదిలేసి. తిరిగి తిరిగి అదే బండి దగ్గరకు వస్తాడు. అప్పుడు తన కోటు గుండీలు విప్పి, గడ్డకడుతున్న నికీతా మీద పడుకుంటాడు, కోటుతోనూ ఒంటితోనూ కప్పేస్తూ. కోటు విప్పి ఇచ్చేస్తే సరిపోని చలి అది, అందుకే లోపలి మనిషితో సహా ఇచ్చాడు. తెల్లారేసరికి వసీలీ చనిపోయాడు. నికీతా బతికాడు. ఇక్కడ టాల్‌స్టాయ్ ఆపేసి ఉంటే మనం కళ్లు తుడుచుకునేవాళ్లం. ఆయన ఆపలేదు. నికీతా రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడని, కాలివేళ్లు మూడు తీసేశారని, ఇంకో 20 ఏళ్లు బతికాడని, ముందు పని చేసుకుంటూ, తర్వాత కాపలాదారుగా గడిపాడని రాశాడు. ఒక మనిషి ప్రాణమంత ఇచ్చినా ఆ మూడు వేళ్లు దక్కలేదు.